లెక్క తేలందే కుట్లు వేయనివ్వకండి: ఓటీ నర్సింగ్‌పై మీ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆపరేషన్ థియేటర్ (ఓటీ) గురించే. నర్సింగ్ చదువుతున్న పిల్లలు రాసినవి, డ్యూటీలో ఉన్న సిస్టర్లు, బ్రదర్లు రాసినవి, ఇంట్లో ఎవరికో ఆపరేషన్ జరిగిన వాళ్లు రాసినవి. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేసి రాస్తున్నాను.

ప్రశ్న: ప్రీ-ఆపరేటివ్, ఇంట్రా-ఆపరేటివ్, పోస్ట్-ఆపరేటివ్ అని మూడు దశలు బట్టీ పట్టాను మేడమ్. కానీ ఏ దశ ఎక్కడ మొదలవుతుందో అడిగితే పరీక్షలో తడబడుతున్నాను. స్క్రబ్ నర్స్ పెద్దా, సర్క్యులేటింగ్ నర్స్ పెద్దా అన్నది కూడా చెప్పండి.
– జీఎన్ఎం విద్యార్థిని, ఒంగోలు

జవాబు: ఆపరేషన్ చేయాలని నిర్ణయం అయిన క్షణం నుంచే ప్రీ-ఆపరేటివ్ దశ మొదలవుతుందమ్మా. చాలామంది పిల్లలు "ఆపరేషన్ రోజు ఉదయం" అని రాసి మార్కు పోగొట్టుకుంటారు. పేషెంటు ఓటీ టేబుల్ మీదికి చేరితే ఇంట్రా-ఆపరేటివ్, అక్కడి నుంచి రికవరీ రూమ్‌కి చేరితే పోస్ట్-ఆపరేటివ్, అది వార్డుతో అయిపోదు, ఇంటికెళ్లి మళ్లీ చెకప్‌కి వచ్చేదాకా నడుస్తుంది. ఈ మూడూ కలిపితేనే పెరీ-ఆపరేటివ్.

ఇక ఎవరు పెద్ద అన్న ప్రశ్న. స్క్రబ్ నర్స్ చేతులు కడుక్కుని, గౌను, గ్లవ్స్ వేసుకుని సర్జన్ పక్కన నిలబడి పరికరాలు అందిస్తుంది కాబట్టి బయటివాళ్లకి ఆవిడే కనిపిస్తుంది. కానీ గదిలో జరిగేదంతా చూసేది సర్క్యులేటింగ్ నర్స్, మనం ఫ్లోర్ నర్స్ అని పిలిచే ఆవిడ. పేషెంటు సరైన మనిషేనా, కాటరీ (కరెంటుతో కోసి, రక్తం ఆపే పరికరం) ప్లేట్ చర్మానికి సరిగ్గా అతుక్కుందా, చేతులు పక్కకి చాపి కట్టినప్పుడు 90 డిగ్రీలు దాటాయా (దాటితే భుజం దగ్గరి నరాలు లాగేసి, లేచాక చెయ్యి పడిపోయే ప్రమాదం ఉంది), శాంపిల్ డబ్బా మీద పేరు పడిందా, ఎవరి గ్లవ్ ఎక్కడ తగిలింది, ఇవన్నీ ఆవిడ కళ్లలోనే ఉండాలి. కొత్తగా చేరిన పిల్లని "నీకేం తెలియదు, ఫ్లోర్ చూసుకో" అని వదిలేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. అది చాలా తప్పు. ఫ్లోర్ చూడడానికి అనుభవం ఎక్కువ కావాలి.

ప్రశ్న: మొన్న ఒక సిజేరియన్‌లో లెక్కపెడితే మాప్ (లోపల రక్తం పీల్చే గుడ్డ) ఒకటి తక్కువ వచ్చింది. సర్జన్ గారు "నేను చూశాను, లోపల లేదు, క్లోజ్ చేద్దాం" అన్నారు. నేను కొత్త. ఏమనాలో తెలియక నిలబడిపోయాను. చివరికి అది కింద గుడ్డల్లో దొరికింది కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇలాంటప్పుడు ఏం చేయాలి మేడమ్?
– స్టాఫ్ నర్స్, వరంగల్

జవాబు: దీనికి కాస్త వివరంగా రాస్తాను తల్లీ, ఎందుకంటే ఇలాంటి ఉత్తరాలు ఇంకా ఉన్నాయి.

ముందు ఏమనాలో చెప్తాను. "సర్, మాప్ కౌంట్ ఒకటి తక్కువ ఉంది. దయచేసి ఆపండి, ఒకసారి లోపల చూడండి." ఇంతే. గట్టిగా, అందరికీ వినపడేలా, మత్తు డాక్టర్‌కి కూడా తెలిసేలా. మెల్లగా గొణిగితే అది చెప్పినట్టు కాదు. అవతలివాళ్లు విసుక్కోవచ్చు, టైమ్ అవుతోందని అరవచ్చు, అయినా సరే. పేషెంటు ప్రాణాపాయంలో ఉండి వెంటనే మూయాల్సి వస్తే తప్ప, లెక్క తేలేదాకా మూయొద్దని అడిగే హక్కు నీకుంది. హక్కే కాదు, నీ డ్యూటీ.

తర్వాత వెతకడం. సర్జన్ లోపల చెయ్యి పెట్టి చూస్తారు. నువ్వు మేయో ట్రాలీ (పరికరాలు పెట్టే చిన్న బల్ల), వెనక టేబుల్, పేషెంటు మీద కప్పిన డ్రేప్‌ల మడతలు చూస్తావు. ఫ్లోర్ నర్స్ బకెట్, నేల, గుడ్డల మూట, చెత్త సంచి, చివరికి చెప్పుల అడుగులు కూడా చూడాలి. రక్తంతో తడిసిన గాజ్ ఒకదానికొకటి అతుక్కుపోతుంది, అందుకే ఒక్కొక్కటి విడదీసి లెక్కపెట్టాలి. అప్పటికీ దొరక్కపోతే టేబుల్ మీదే ఎక్స్‌రే. మాప్‌లో, గాజ్‌లో నీలం రంగు దారం ఒకటి కనిపిస్తుంది చూడు, అది ఎక్స్‌రేలో పడేందుకే పెడతారు. ఆ దారం లేని గాజ్‌ని పొట్ట ఆపరేషన్‌లో టేబుల్ మీదికి రానివ్వకు. ఎక్స్‌రేలో కూడా కనిపించకపోతే జరిగింది జరిగినట్టు కేస్ షీట్‌లో రాయాలి. "కౌంట్ కరెక్ట్" అని రాయమని ఎవరు చెప్పినా రాయకు.

లెక్క ఎప్పుడెప్పుడు? మొదలుపెట్టే ముందు, గర్భసంచి లాంటి లోపలి అవయవం మూసే ముందు, పొట్ట పొర మూసే ముందు, చర్మం కుట్టే ముందు. మధ్యలో డ్యూటీ మారితే, దిగేవాళ్లు ఎక్కేవాళ్లు కలిసి మళ్లీ. ఇద్దరూ కలిసి, ఒకేసారి, పైకి చదువుతూ లెక్కపెట్టాలి. ఒకరు లెక్కపెట్టి ఇంకొకరు తలూపితే అది లెక్క కాదు. విప్పిన కట్టలో 5 ఉండాల్సిన చోట 4 ఉంటే, ఆ కట్ట మొత్తాన్ని పక్కన పెట్టేయాలి, 4 అని రాసుకుని వాడకూడదు. మాప్‌ని ఎప్పుడూ కత్తిరించకూడదు. పేషెంటు గదిలో ఉన్నంతసేపు చెత్త సంచి బయటికి పోకూడదు.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకో. గుడ్డ లోపల ఉండిపోయిన చాలా కేసుల్లో రికార్డు తీసి చూస్తే కౌంట్ సరిపోయిందనే రాసి ఉంటుంది. అంటే లెక్క పెట్టలేదనో, హడావిడిలో తప్పు పెట్టారనో అర్థం. ఎమర్జెన్సీ కేసులు, మధ్యలో ప్లాన్ మారిన కేసులు, లావుగా ఉన్న పేషెంట్లు, ఈ మూడు చోట్లా ప్రమాదం ఎక్కువ. ఇలా ఉండిపోయిన గుడ్డని గాసిపిబోమా అంటారు. నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత కడుపులో గడ్డ అని వస్తారు, తెరిచి చూస్తే మాప్. ఆ తల్లి అన్నాళ్లూ నొప్పితో ఎన్ని ఆస్పత్రులు తిరిగి ఉంటుందో ఆలోచించు. నీకు నిద్ర పట్టలేదంటే నీకు పని మీద శ్రద్ధ ఉన్నట్టే. ఈసారి నోరు విప్పు.

ప్రశ్న: మా నాన్నగారికి హెర్నియా ఆపరేషన్. రాత్రి 10 నుంచి ఏమీ తినొద్దు, తాగొద్దు అన్నారు. కేసు మధ్యాహ్నం 2కి తీసుకెళ్లారు. షుగర్ మనిషి, నీరసంతో వణికిపోయారు. గుక్కెడు కాఫీ ఇస్తే ఏమవుతుంది?
– పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కాఫీ ఇవ్వనందుకు మీకు దండం పెట్టాలి. కానీ మీ నాన్నగారిని అంతసేపు పస్తు ఉంచడం కూడా సరికాదు.

మత్తు ఇచ్చాక గొంతులో ఉండే రక్షణ పోతుంది. కడుపులో ఏదైనా ఉంటే అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కడుపులోని ఆమ్లం అక్కడ చేసే నష్టాన్ని 1946లో అమెరికాలో మెండెల్సన్ అనే ప్రసూతి వైద్యుడు వివరంగా రాశారు, ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తాం. మంచినీళ్లు, పాలు లేని టీ లాంటివి మత్తుకి 2 గంటల ముందు వరకూ తాగొచ్చు. తల్లిపాలు 4 గంటలు. పాలు కలిపిన కాఫీ, టీ, ఇడ్లీ లాంటి తేలిక తిండి 6 గంటలు. నూనె, మాంసం ఉన్న భోజనమైతే 8 గంటలు. మామూలు పేషెంట్లకి ఈ లెక్క. గర్భిణులకి, షుగర్ ముదిరి కడుపు మెల్లగా ఖాళీ అయ్యేవాళ్లకి, ఎమర్జెన్సీలో వచ్చినవాళ్లకి మత్తు డాక్టర్ వేరేగా చెప్తారు. మీ నాన్నగారు షుగర్ మనిషి కాబట్టి ఆ మాట ఆయనకీ వర్తించవచ్చు.

అందరికీ ఒకే మాటగా "రాత్రి 10 నుంచి బంద్" అనేస్తే పని సులువు, కానీ లిస్టులో నాలుగో కేసుగా ఉన్న ముసలాయనకి షుగర్ పడిపోతుంది. వార్డు సిస్టర్ ఓటీకి ఫోన్ చేసి "మా కేసు ఎన్నింటికి?" అని అడిగి, మత్తు డాక్టర్ సరేనంటే నీళ్లు పట్టాలి, షుగర్ చెక్ చేయాలి. మీరు కూడా అడగండి, అడిగితే ఎవరూ తప్పుపట్టరు. బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు వేయాలా ఆపాలా అన్నది కూడా ముందురోజే మత్తు డాక్టర్ దగ్గర తేల్చుకోండి.

ఒకవేళ పొరపాటున ఏదైనా పెట్టేసి ఉంటే దాచొద్దు. కేసు పోస్ట్‌పోన్ అవుతుందని భయపడి దాస్తారు కొందరు. పోస్ట్‌పోన్ అయితే ఒక రోజు పోతుంది, అంతే.

ప్రశ్న: డాక్టర్ గారు రాకుండానే కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టించమని పంపిస్తారు. పేషెంటు వాళ్లు ఆపరేషన్ గురించి నన్నే అడుగుతారు. చెప్పొచ్చా?
– స్టాఫ్ నర్స్ (బ్రదర్), విజయనగరం

జవాబు: ఆపరేషన్ ఏమిటి, ఏం ప్రమాదాలున్నాయి, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవి వివరించాల్సింది సర్జనే. నీ సంతకం సాక్షి సంతకం నాన్నా. ఈ మనిషే, తన ఇష్టంతో, తెలివిలో ఉండి పెట్టాడని మాత్రమే దాని అర్థం. పేషెంటుకి ఇంకా సందేహాలున్నాయని తెలిస్తే సంతకం ఆపి డాక్టర్‌ని పిలువు. నిద్రమాత్రో, మత్తుకి ముందు ఇచ్చే ఇంజెక్షనో పడ్డాక తీసుకున్న సంతకం చెల్లదు, అందుకే ముందు ఫారం, తర్వాత మందు.

2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ప్రతి ఓటీ సిస్టర్, బ్రదర్ తెలుసుకోవాలి. లాపరోస్కోపీతో పరీక్ష చేయడానికి ఆవిడ ఒప్పుకుంది. ఆవిడ మత్తులో ఉండగా బయట ఉన్న తల్లి దగ్గర ఒప్పుకోలు తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కాదు కాబట్టి, పేషెంటు లేచేదాకా ఆగి ఆవిడనే అడగాల్సిందని కోర్టు చెప్పింది. పెద్దవాళ్లు, తెలివిలో ఉన్నవాళ్లు అయితే వాళ్ల సంతకం వాళ్లదే, భర్తదో తల్లిదో కాదు. మన దగ్గర ఆడవాళ్ల ఫారం మీద భర్త సంతకం ఒక్కటే ఉండి లోపలికి వచ్చేసే కేసులు ఇంకా కనిపిస్తున్నాయి. నాకు కోపం వచ్చే విషయం ఇది.

ప్రశ్న: మా ఆస్పత్రిలో సేఫ్టీ చెక్‌లిస్ట్ అంటే కేసు అయ్యాక అన్నీ టిక్ కొట్టేయడమే. నిజంగా దాని వల్ల ఉపయోగం ఉందా?
– ఓటీ నర్స్, హైదరాబాద్

జవాబు: కేసు అయ్యాక టిక్ కొడితే ఏ ఉపయోగమూ లేదు. సమయానికి చదివితే చాలా ఉంది. డబ్ల్యూహెచ్ఓ ఈ చెక్‌లిస్ట్‌ని 2008లో తెచ్చింది, 19 అంశాలు. మన న్యూఢిల్లీతో సహా 8 నగరాల ఆస్పత్రుల్లో వాడి చూసి 2009లో ఫలితాలు ప్రకటించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, కాంప్లికేషన్లు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి.

మూడు చోట్ల ఆగాలి. మత్తు ఇచ్చే ముందు సైన్ ఇన్: పేరు, ఏ పక్క, కన్సెంట్, అలర్జీ, గొంతులో ట్యూబ్ వేయడం కష్టమవుతుందా, రక్తం ఎక్కువ పోతుందా. కోత పెట్టే ముందు టైమ్ అవుట్: అందరూ చేతులు ఆపి, ఎవరెవరు ఉన్నారో చెప్పుకుని, పేషెంటు, ఆపరేషన్, పక్క మళ్లీ పైకి చదివి, గత 60 నిమిషాల్లో యాంటీబయాటిక్ పడిందా అని అడగడం. పేషెంటు గది దాటే ముందు సైన్ అవుట్: చేసిన ఆపరేషన్ పేరు, లెక్కలు, శాంపిల్ మీద పేరు. శాంపిల్ లేబుల్‌ని పేషెంటు పేరుతో సహా బయటికి చదవాలి. ఒక క్యాన్సర్ ముక్క మీద వేరేవాళ్ల పేరు పడితే ఇద్దరి జీవితాలు తారుమారవుతాయి.

రేపటి నుంచి నువ్వే మొదలుపెట్టు. కాగితం చేతిలో పట్టుకుని "టైమ్ అవుట్" అని నిలబడితే, మొదట్లో వింతగా చూసినా తర్వాత వాళ్లే ఆగుతారు.

ప్రశ్న: ఆటోక్లేవ్ (ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే యంత్రం) టేపు మీద నల్ల గీతలు వస్తే మూట స్టెరైల్ (సూక్ష్మజీవులు లేనిది) అయినట్టేనా? వేసుకున్న గౌను ఎక్కడిదాకా స్టెరైల్?
– బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాది, తిరుపతి

జవాబు: కాదు. ఆ గీతలు "ఈ మూట వేడిలోకి వెళ్లొచ్చింది" అని మాత్రమే చెప్తాయి. లోపలి మడత దాకా ఆవిరి చేరిందో లేదో మూట లోపల పెట్టే ఇండికేటర్ చెప్తుంది, సూక్ష్మజీవులు నిజంగా చచ్చాయో లేదో బయలాజికల్ ఇండికేటర్ చెప్తుంది. 121 డిగ్రీల దగ్గర 15 పౌండ్ల ఒత్తిడి అని అందరూ బట్టీ పడతారు గానీ, ఆ వేడికి చేరాకే టైమ్ లెక్క మొదలవుతుందని మర్చిపోతారు. మధ్యలో కరెంటు పోతే? మిగిలిన నిమిషాలు కలుపుకోకూడదు, సైకిల్ మొత్తం మళ్లీ మొదటి నుంచి. డ్రమ్ము (మూటలు పెట్టే డబ్బా) తీసినప్పుడు లోపల తడిగా ఉంటే అది స్టెరైల్ కాదు.

లాపరోస్కోపీ పరికరాలు 2 శాతం గ్లుటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక మందులో 20 నిమిషాలు ముంచి తీస్తున్నారా? అది హై లెవల్ డిసిన్ఫెక్షన్ మాత్రమే. స్పోర్లు (గట్టి పొరతో తట్టుకుని ఉండే సూక్ష్మజీవుల రూపాలు) చావాలంటే 10 గంటలు. తీశాక స్టెరైల్ నీళ్లతో కడగాలి.

గౌను విషయం కూడా అడిగావు. ముందు వైపు ఛాతీ నుంచి టేబుల్ ఎత్తు దాకా, చేతులు మోచేతికి 2 అంగుళాల పైదాకా స్టెరైల్. వీపు, చంకలు, నడుము కింద స్టెరైల్ కాదు. అనుమానం వస్తే మార్చేయడమే.

ప్రశ్న: మత్తు చరిత్రలో హైదరాబాద్ పేరుందని ఎవరో అన్నారు. నిజమేనా సిస్టర్?
– రిటైర్డ్ టీచర్, సికింద్రాబాద్

జవాబు: నిజమేనండీ. 1888, 1889ల్లో నిజాం ఖర్చుతో ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ ఆధ్వర్యంలో ఇక్కడ క్లోరోఫామ్ అనే అప్పటి మత్తుమందు మీద రెండు కమిషన్లు పనిచేశాయి. క్లోరోఫామ్ ముందు ఊపిరినే ఆపుతుంది, కాబట్టి శ్వాస మీదే కన్నేసి ఉంచండి అని వాళ్లు తేల్చారు. అది సగమే నిజం, గుండె లయ తప్పి కూడా చనిపోతారని 20వ శతాబ్దం మొదట్లో తేలింది. హైదరాబాద్‌లోనే చదివి ఇక్కడే క్లోరోఫామ్ ఇచ్చిన డాక్టర్ రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా చెప్తారు. మా నర్సింగ్ పాఠాల్లో ఈవిడ పేరు పెట్టాలని నా కోరిక.

ప్రశ్న: అమ్మకి గర్భసంచి ఆపరేషన్ అయ్యాక గంటకు పైగా రికవరీ రూమ్‌లో ఉంచారు, చూడనివ్వలేదు. వార్డుకి వచ్చాక కాళ్లు చల్లగా ఉన్నాయని వేడినీళ్ల సీసా పెడదామంటే సిస్టర్ కోప్పడ్డారు. ఎందుకు?
– పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఆ సిస్టర్ మంచి పని చేసింది. వెన్నుకి మత్తు ఇచ్చినప్పుడు కాళ్లకి స్పర్శ ఉండదు, సీసా కాలుతున్నా అమ్మకి తెలియదు. చర్మం బొబ్బలెక్కాక గానీ బయటపడదు. దుప్పటి కప్పండి, చాలు.

రికవరీలో ఆ గంట చాలా ముఖ్యం. నాలుక వెనక్కి పడి ఊపిరి ఆగడం, వాంతి, లోపల రక్తం కారడం, ఇవన్నీ ఎక్కువగా అప్పుడే బయటపడతాయి. కాళ్లు చేతుల కదలిక, శ్వాస, బీపీ, తెలివి, ఆక్సిజన్, ఈ అయిదింటికీ 0 నుంచి 2 దాకా మార్కులేస్తారు, ఆల్డ్రెట్ స్కోర్ అంటారు. 10కి 9 వస్తే సాధారణంగా వార్డుకి పంపిస్తారు. కొత్త సిస్టర్లకి ఇక్కడే ఒక మాట: రక్తం పోతున్నప్పుడు ముందు పల్స్ పెరుగుతుంది, బీపీ పడేది చివర్న. బీపీ బాగానే ఉందని ఊరుకోకండి.

ప్రశ్న: ఆపరేషన్ పేర్ల చివర వచ్చే ఎక్టమీ, ఆస్టమీ, ఒటమీ… అన్నీ కలిసిపోతున్నాయి.
– జీఎన్ఎం విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ఎక్టమీ అంటే తీసేయడం, అపెండెక్టమీ. ఒటమీ అంటే కోసి తెరవడం, లాపరోటమీ. ఆస్టమీ అంటే బయటికి దారి పెట్టడం, కోలోస్టమీ. ప్లాస్టీ సరిచేసి మళ్లీ కట్టడం, రఫీ కుట్టడం, పెక్సీ జారినదాన్ని నిలబెట్టి బిగించడం, స్కోపీ గొట్టంతో లోపల చూడడం. కోలెక్టమీ, కోలోస్టమీ రెండూ రాసేటప్పుడు మాత్రం అక్షరం అక్షరం చూసుకో. ఒకదాంట్లో పేగు ముక్క తీస్తారు, రెండోదాంట్లో పొట్ట మీద మలద్వారం పెడతారు, ఓటీ లిస్టులో తారుమారైతే పరికరాల నుంచి కన్సెంట్ దాకా అన్నీ తప్పుతాయి.

ప్రశ్న: పొట్ట కుట్లు విడిపోయి పేగు బయటికొస్తే వార్డులో మేం మొదట ఏం చేయాలి?
– స్టాఫ్ నర్స్, శ్రీకాకుళం

జవాబు: లోపలికి నెట్టొద్దు. స్టెరైల్ గాజ్‌ని సెలైన్‌తో తడిపి కప్పు, తల కొంచెం ఎత్తి మోకాళ్లు మడిచి పడుకోబెట్టు, పొట్ట మీద లాగుడు తగ్గుతుంది. మనిషిని వదిలి వెళ్లకు, ఇంకొకరిని పంపి సర్జన్‌ని పిలిపించు. నోటికి ఏమీ ఇవ్వకు, మళ్లీ ఓటీకి వెళ్లాల్సిందే. పల్స్, బీపీ చూస్తూ ఉండు. ఆపరేషన్ అయిన వారం అటూ ఇటూగా, కుట్ల దగ్గర ఉన్నట్టుండి గులాబీ రంగు నీరు కారి డ్రెస్సింగ్ తడిసిందంటే అది ముందస్తు హెచ్చరిక. డ్రెస్సింగ్ మార్చేసి ఊరుకోకుండా అప్పుడే డాక్టర్‌కి చెప్పు.

ప్రశ్న: ఆపరేషన్ ముందురోజు రాత్రి బ్లేడుతో షేవ్ చేయడం తప్పనిసరా? పూర్తిగా ఓటీ నర్సింగ్‌లోనే ఉండాలంటే ఏం చదవాలి?
– స్టాఫ్ నర్స్, రాజమహేంద్రవరం

జవాబు: బ్లేడు వద్దు. కంటికి కనిపించని గాట్లు పడి, రాత్రంతా అక్కడ సూక్ష్మజీవులు పెరుగుతాయి. వెంట్రుకలు కోతకి అడ్డం వస్తేనే తీయాలి, అదీ క్లిప్పర్‌తో, ఆపరేషన్‌కి వీలైనంత దగ్గరగా, ఓటీ గది బయట. చదువు సంగతికొస్తే, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపుతో ఆపరేషన్ రూమ్ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది. రిజిస్టర్డ్ నర్స్ అయి ఉండాలి. అప్లై చేసే ముందు, ఆ కాలేజీకి సొంత ఆస్పత్రి ఉందా, అక్కడ రోజూ పెద్ద కేసులు జరుగుతాయా, స్టూడెంట్‌ని స్క్రబ్ అవ్వనిస్తారా అని అక్కడ చదివినవాళ్లనే అడిగి తెలుసుకో.